కియాంటిలో ద్రాక్ష తోట నడక, వైన్ టేస్టింగ్: ఉగాది పచ్చడి తిన్న నాలుక ఉంటే చాలు

ఇటలీలో ఫ్లోరెన్స్‌లో మూడ్రోజులు ఉంటున్నాం, ఒక రోజు వైన్ టూర్ పెట్టుకోవచ్చా, కానీ మాకు వైన్ గురించి ఏబీసీడీలు కూడా రావు, అక్కడ వాళ్ళ ముందు నవ్వులపాలు అవుతామేమో అని మా కజిన్ ఒకడు అడిగాడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే భయం. పైగా ముందురోజు రాత్రి కూర్చుని ఇంగ్లీష్ వీడియోలు నాలుగు చూసి బ్లాక్ కరెంట్, సెడార్, గ్రాఫైట్ అని వైన్ వాసనల పేర్లు ఏవేవో బట్టీపట్టి వెళ్ళా. వాటిలో ఒక్కటి కూడా నేను జీవితంలో నోట్లో పెట్టుకున్నది కాదు. తీరా అక్కడికెళ్ళాక పనికొచ్చింది ఏంటంటే నేరేడు పండు, ఉసిరికాయ, చింతపండు. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నా, మీకూ పనికొస్తుంది.

ముందు ఎక్కడికో తేల్చుకోండి

ఇటలీలో వైన్ చెయ్యని ప్రాంతం అంటూ లేదు, మొత్తం 20 రీజియన్లలోనూ చేస్తారు. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది కియాంటి క్లాసికో. ఎందుకంటే ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్యలో ఉన్న కొండలే అవి, మీరు ఎలాగూ ఆ రెండు ఊళ్ళూ చూస్తారు. గ్రేవే, పంజానో, కాస్తెల్లీనా, రద్దా, గయోలే, ఇవీ అక్కడి ఊళ్ళు. రేపు రద్దాకి వెళ్తున్నాం నాన్నా అని ఫోన్లో చెప్తే "అయ్యో, టికెట్ డబ్బులు వెనక్కొస్తాయా" అన్నారు మా నాన్న.

ఇక్కడ ఒక చిన్న గందరగోళం ఉంది, బుక్ చేసేముందే తెలుసుకోండి. "కియాంటి" వేరు, "కియాంటి క్లాసికో" వేరు. 1716లో ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచి వంశపు గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో కియాంటి అంటే ఇదీ అని హద్దులు గీసి శాసనం వేయించాడు, ప్రపంచంలో వైన్ ప్రాంతాలకి హద్దులు పెట్టిన తొలి శాసనాల్లో ఇదొకటి. తర్వాత ఆ పేరుకి గిరాకీ పెరిగి చుట్టుపక్కల దూరం వాళ్ళు కూడా కియాంటి అని అమ్మడం మొదలెట్టారు, దాంతో పాత కొండల వాళ్ళు 1924లో ఒక సంఘం పెట్టుకుని, నల్ల కోడిపుంజుని గుర్తుగా పెట్టుకున్నారు. కాబట్టి సీసా మెడ మీద నల్లపుంజు కనిపిస్తే అది క్లాసికో. మన బందరు లడ్డూ పేరుతో ఊరూరా అమ్మేస్తుంటే బందరు వాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించుకోండి, అదే కథ.

పుంజు వెనకాల ఒక జానపద కథ కూడా చెప్తారు గైడ్లు. ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు గొడవ తీర్చుకోడానికి ఒప్పందం చేసుకున్నాయంట, కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచి ఒక్కో గుర్రపు రౌతు బయల్దేరాలి, ఇద్దరూ కలుసుకున్న చోటే సరిహద్దు. సియెనా వాళ్ళు తెల్లపుంజుని బాగా మేపారు, ఫ్లోరెన్స్ వాళ్ళు నల్లపుంజుని పస్తు పెట్టారు, అది పాపం ఆకలికి తట్టుకోలేక తెల్లారకముందే కూసేసింది. ఫ్లోరెన్స్ రౌతు చాలా దూరం వచ్చేశాడు, సియెనాకి ఓ 12 కిలోమీటర్ల దూరంలో కలిశారు. నిజమో కాదో గానీ వినడానికి పల్నాటి కోడిపందెం ఫ్లేవర్ ఉంది.

ఏ నెలలో, ఏ టైంకి

మే, జూన్ బావుంటాయి, తోట పచ్చగా ఉంటుంది, ఎండ భరించగలం. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా కోతలు, వెండెమ్మియా అంటారు, ఆ టైంలో తోట నడక అసలు మజా, గుత్తులు కళ్ళముందే వేలాడుతుంటాయి. కాకపోతే వాళ్ళు పనిలో మునిగిపోయి ఉంటారు, స్లాట్లు తొందరగా అయిపోతాయి. ఆగస్టు మాత్రం వద్దు, ఎండ, పైగా 15వ తేదీ ఫెర్రగోస్తో పండగ, చాలాచోట్ల మూసేసుకుని సముద్రానికి పోతారు. నవంబర్‌లో తోటలో ఆకులు రాలిపోతుంటాయి గానీ కొత్త ఆలివ్ నూనె ఆడించే సీజన్, దాని సంగతి తర్వాత చెప్తా.

టైం అయితే ఉదయం 10, 11కి మొదలయ్యేది తీసుకోండి. నాలుక అప్పుడే బాగా పనిచేస్తుంది అంటారు, అదెంత నిజమో పక్కన పెడితే అసలు కారణం తిరుగు బస్సు.

బుకింగ్

మన దగ్గర గుడికెళ్ళినట్టు నేరుగా వెళ్ళి గేటు దగ్గర నిలబడితే కుదరదు. చిన్న ఎస్టేట్లు చాలావరకు కుటుంబాలు నడుపుకునేవి, ముందు మెయిల్ పెట్టి రోజూ టైమూ ఖాయం చేసుకోవాలి. చాలాచోట్ల మనిషికి 25 నుంచి 50 యూరోల మధ్య ఉంటుంది, భోజనం కలిపితే ఇంకా పైకి. మెయిల్‌లో నాలుగు ముక్కలు రాయండి: ఎంతమంది, తోటలోకి నడక ఉందా లేక ఉత్త గదిలో కూర్చోబెట్టి పోస్తారా (ఇది తప్పక అడగండి, "విన్‌యార్డ్ టూర్" అని పెట్టి కిటికీలోంచి తోట చూపించేవాళ్ళు ఉన్నారు), ఎన్ని వైన్లు పోస్తారు, వెజిటేరియన్లు ఎవరు.

వెజిటేరియన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టేస్టింగ్‌తో పాటు ఒక చెక్క పళ్ళెంలో తినడానికి పెడతారు, అందులో సగం పంది మాంసమే, ఫినొక్కియోనా అని సోంపు వేసిన సలామీ, ప్రొషుత్తో. బ్రెడ్ ముక్క మీద గోధుమరంగు చట్నీలాంటిది రాసి ఇస్తే పల్లీ చట్నీ అనుకుని నోట్లో వేసుకోకండి, అది కోడి లివర్. "సోనో వెజెటారియానో" అని మగవాళ్ళు, "సోనో వెజెటారియానా" అని ఆడవాళ్ళు, "సెన్సా కార్నే" అంటే మాంసం లేకుండా. మరీ నిష్ఠగా ఉండేవాళ్ళకి ఇంకోటి కూడా చెప్పాలి, అక్కడి పెకొరీనో చీజ్ గొర్రెపాలది, ఆ పాలు విరగ్గొట్టడానికి జంతువు పొట్టలోంచి తీసే రెన్నెట్ ఎక్కువగా వాడతారు. కొన్నిచోట్ల రెడ్ వైన్‌ని తేటగా చెయ్యడానికి గుడ్డు తెల్లసొన కూడా వాడే అలవాటుంది. అవన్నీ పట్టింపు ఉంటే ముందే అడిగేయండి, వాళ్ళేం అనుకోరు.

అమ్మానాన్నలు, అత్తగారు మామగారు తోడుంటే, వాళ్ళు తాగరు కదా అని హోటల్లో వదిలేసి వెళ్ళకండి. తోట నడక వాళ్ళకే ఎక్కువ నచ్చుతుంది, ముఖ్యంగా వ్యవసాయం తెలిసినవాళ్ళకి. టేస్టింగ్ వద్దు, నడకా ఆలివ్ నూనే మాత్రం అని రాస్తే చాలామంది తక్కువకే ఒప్పుకుంటారు.

ఎలా వెళ్ళాలి

కారు అద్దెకి తీసుకుని నేనే నడుపుతా అనే హీరో ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. వాడికి చెప్పండి, ఇటలీలో హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, లైసెన్స్ వచ్చి మూడేళ్ళు కాకపోతే సున్నా. ఆ రోడ్డు, కియాంటిజానా అంటారు, ఫ్లోరెన్స్ నుంచి సియెనా దాకా కొండల్లో మెలికలు తిరుగుతూ పోతుంది, చూడ్డానికి అద్భుతం, తాగి నడపడానికి మాత్రం కాదు. ఎవరో ఒకరు ఆరోజు అస్సలు తాగకుండా ఉండగలిగితేనే కారు. ఇంటర్నేషనల్ పర్మిట్ మర్చిపోకండి, ఫ్లోరెన్స్ నడిబొడ్డున బయటి కార్లు రాకూడని జోన్ ఉంది, తెలీక దూరితే కెమెరా పట్టేసి ఫైన్ నెలల తర్వాత వస్తుంది.

లేకపోతే డ్రైవరుతో సహా గ్రూప్ టూర్ తీసుకోవచ్చు, ఒక్కరోజులో రెండు మూడు ఎస్టేట్లు తిప్పుతారు, హడావిడి. నాకిష్టమైనది బస్సు. శాంటా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్ పక్కనే బస్టాండు, అక్కడ్నుంచి గ్రేవేకి సుమారు గంట. టికెట్ ముందే కొని, ఎక్కాక మెషిన్లో కొట్టించుకోవాలి. ఆదివారం బస్సులు బాగా తక్కువ కాబట్టి ఆదివారం పెట్టుకోవద్దు. చివరి బస్సు టైం ఫోన్లో అలారం పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. రెండో ఎస్టేట్‌లో ఇంకో గ్లాసు ఇంకో గ్లాసు అని కూర్చుని కిందికి దిగేసరికి బస్సు వెళ్ళిపోయింది, టాక్సీకి ఇచ్చుకున్న డబ్బులు ఆరోజు రెండు టేస్టింగుల ఖర్చు కలిపినదానికంటే ఎక్కువ.

గ్రేవేలో బస్సు దిగాక మూడు మూలల పియాజ్జా, అంటే ఊరి కూడలి, ఒకటి ఉంటుంది, మధ్యలో జొవాన్ని ద వెర్రజానో విగ్రహం. 1524లో న్యూయార్క్ హార్బర్‌లోకి ఓడ తీసుకెళ్ళిన నావికుడు, ఈ ప్రాంతం వాడే అని చెప్పుకుంటారు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళు బ్రూక్లిన్ వెళ్తూ ట్రాఫిక్‌లో తిట్టుకునే వెర్రజానో బ్రిడ్జి ఈయన పేరు మీదే. ఎస్టేట్ టూర్ దొరక్కపోయినా ఈ ఊరి నుంచి మొంతెఫియొరల్లే అనే చిన్న రాతి ఊరికి కొండెక్కి వెళ్ళండి, అరగంట పైన పడుతుంది, దారి పొడవునా తోటలే, పైసా ఖర్చు లేదు.

ఆరోజు పొద్దున

కడుపు నిండా తినండి. ఇటలీ వాళ్ళలాగా ఒక కాఫీ, ఒక తీపి బన్నూ తిని బయల్దేరితే రెండో గ్లాసుకే తల తిరుగుతుంది. సెంటు, అత్తరు, ఘాటైన హెయిర్ ఆయిల్ వద్దు, మీ వాసనే మీకు గ్లాసులో వస్తుంది, పక్కవాళ్ళకి కూడా. లిప్‌స్టిక్ కూడా పల్చగా. పెప్పర్‌మింట్ గమ్, పాన్ పరాగ్, యాలకులు లాంటివి ఆ గంట ముందు నోట్లో వేసుకోవద్దు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, వాన పడిందంటే ఆ మట్టి మన నల్లరేగడి లాగే అరికాలికి పట్టుకుని ఒక్కో బూటు అరకిలో అవుతుంది. నీళ్ళ సీసా, టోపీ. ఒక పల్చటి జాకెట్ కూడా, బయట 30 డిగ్రీలు ఉన్నా కింద వైన్ నిల్వపెట్టే సెల్లార్‌లో చలేస్తుంది.

తోటలో ఏం చూడాలి

చాలామంది ఈ భాగాన్ని ఫోటోలకి మాత్రమే వాడుకుంటారు, నాకు మాత్రం టేస్టింగ్ కంటే ఇదే ఎక్కువ.

మనం హైదరాబాద్ చుట్టుపక్కల చూసిన ద్రాక్ష తోట అంటే నెత్తిన పందిరి, కింద నీడ, పైనుంచి వేలాడే అనాబ్-ఎ-షాహీ గుత్తులు. ఇక్కడ పందిరి ఉండదు. తీగలు నడుము ఎత్తులో, వరసలుగా ఇనప తీగెలకి కట్టి, గుత్తులు మోకాలి దగ్గర ఉంటాయి. చూడగానే ఇదేంటి ఇంత చిన్నగా అనిపిస్తుంది. వీళ్ళకి కావాల్సింది దిగుబడి కాదు, రూలే ఉంది, కియాంటి క్లాసికోకి హెక్టారుకి 7.5 టన్నులు దాటకూడదు, అంటే ఎకరాకి సుమారు 3 టన్నులు. జులై, ఆగస్టుల్లో వెళ్తే కొన్నిచోట్ల పచ్చి గుత్తుల్ని కత్తిరించి కింద పారేయడం చూస్తారు, మిగిలిన గుత్తులకి సత్తువ వెళ్ళాలని. రైతు కుటుంబం నుంచి వచ్చినవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది, మా మామయ్య అయితే ఒంగి రెండు గుత్తులు ఏరి పక్కన పెట్టాడు, అలవాటు.

గైడ్‌ని అడిగి ఒక్క కాయ కొయ్యండి, అది సాంజొవేసె అనే రకం, ఈ వైన్‌లో కనీసం 80 శాతం అదే ఉండాలి. వేళ్ళ మధ్య నలపండి. తోలు నల్లగా ఉంటుంది, రసం మాత్రం ఏ రంగూ లేకుండా వస్తుంది. రెడ్ వైన్‌కి ఎరుపు వచ్చేది తోలు నుంచే, తోలుతో కలిపి పులియబెడతారు కాబట్టి. ఇప్పుడు తోలుని విడిగా నమలండి, నోరు పిడచకట్టుకుపోతుంది చూడండి, ఆ వగరు గుర్తుపెట్టుకోండి, గంట తర్వాత గ్లాసులో మళ్ళీ కలుస్తుంది. చివరగా గింజ కొరకండి. పచ్చగా ఉన్న గింజ చేదుగా ఉంటే కాయ ఇంకా పండలేదని, గోధుమరంగుకి తిరిగి వేయించిన పల్లీ పొట్టులా అనిపిస్తే కోతకి దగ్గరపడిందని లెక్క. మిషన్లు ఎన్ని ఉన్నా కోత రోజు తేల్చడానికి ఇప్పటికీ నమిలి చూస్తారు.

మొక్క మొదట్లో నేలకి కాస్త పైన ఒక బుడిపె కనిపిస్తుంది, మామిడి అంటు గుర్తొస్తుంది, నిజంగానే అంటు కట్టింది అది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ తోటల వేళ్ళన్నీ తినేసింది, దానికి తట్టుకునేది అమెరికా వేరే, అందుకని అప్పట్నుంచి కింద అమెరికా మొక్క, పైన ఇటలీ మొక్క. వరస చివర గులాబీ మొక్క ఉంటే అది అందానికి మాత్రమే కాదు, బూడిద తెగులు ద్రాక్ష కంటే ముందు గులాబీకి కనిపిస్తుందని పాతకాలం అలారం. కాళ్ళ కింద పొరలు పొరలుగా పగిలే రాయి గాలెస్త్రో, చేత్తో విరిస్తే బిస్కెట్‌లా విరుగుతుంది. తెల్లటి గట్టి రాయి అల్బెరేసె. నీళ్ళు తొందరగా ఇంకిపోయే ఈ రాళ్ళ నేలలో వేరు లోతుకి పోవాల్సిందే.

తోట చుట్టూ సన్నటి కరెంటు తీగ ఉంటే తాకకండి, అడవి పందుల కోసం. అక్కడి రైతు కూడా పందుల్ని తిట్టే తిట్లు వింటే భాష రాకపోయినా అర్థమైపోతుంది, మన వేరుశనగ రైతు తిట్లే.

సెల్లార్ క్లుప్తంగా

స్టీలు ట్యాంకులు, సిమెంటు తొట్లు, చెక్క పీపాలు. పెద్ద పీపాలు బొత్తి, వేల లీటర్లు పడతాయి, చిన్నవి బరీక్, 225 లీటర్లు. పీపా చిన్నదయ్యేకొద్దీ చెక్క వాసన ఎక్కువ ఎక్కుతుంది. కోతల టైంలో ట్యాంకుల మీదికి వంగి తొంగిచూడొద్దు, పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ ప్రమాదం. అంతే, మిగతాది గైడ్ చెప్తారు.

గ్లాసు చేతికొచ్చాక

మొదట లెక్క. గ్లాసుకి 50 ఎం.ఎల్. అనుకుంటే ఐదు వైన్లకి 250 ఎం.ఎల్., అంటే సీసాలో మూడో వంతు. 14 శాతం ఆల్కహాల్ కాబట్టి మన 650 ఎం.ఎల్. పెద్ద బీరు ఒకటి మొత్తం తాగినట్టు. రెండు ఎస్టేట్లంటే రెండు పెద్ద బీర్లు, అదీ ఎండలో. అందుకే బల్ల మీద ఒక కుండలాంటిది పెడతారు, అది ఉమ్మడానికి. మనకి నలుగురి ముందు ఉమ్మాలంటే మహా మొహమాటం, తిండి పారబోస్తే పాపం అని పెరిగాం కదా. కానీ అక్కడ ఉమ్మేవాళ్ళనే తెలిసినవాళ్ళు అనుకుంటారు. ఉమ్మలేకపోతే ఒక గుక్క తాగి మిగతాది అందులో వంపేయండి. నేను మొదటిసారి అన్నీ మింగేశా, నాలుగో గ్లాసుకి అన్నీ ఒకే రుచి, ఐదోది అసలు గుర్తే లేదు, ఖరీదైనది అదేనంట.

గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడండి. సాంజొవేసె పల్చగా ఉంటుంది, అవతలి అక్షరాలు కనిపిస్తాయి, నీళ్ళు కలిపారేమో అనుకోకండి, దాని స్వభావమే అది. వయసు పెరిగితే అంచు దగ్గర ఇటుకరంగు వస్తుంది. తర్వాత గ్లాసు అడుగు బల్లకి ఆనించే గుండ్రంగా తిప్పండి, గాల్లో తిప్పితే పక్కనావిడ తెల్ల డ్రెస్ మీద పడుద్ది. ముక్కు లోపలికి పెట్టి వాసన చూసి, మనసులో మొదట ఏది తడితే అదే చెప్పండి.

ఇక్కడే అందరూ బిగుసుకుపోతారు. చెర్రీ, వయొలెట్ పువ్వు అని గైడ్ చెప్తుంది. మనకి వయొలెట్ వాసన ఎవరికి తెలుసు? మా గైడమ్మాయి నన్ను అడిగితే ఇంగ్లీష్ లిస్టంతా ఎగిరిపోయి "నేరేడు పండు" అనేశా తెలుగులోనే. అదేంటి అంది. ఫోన్లో ఫోటో చూపించి, తింటే నాలుక ఊదారంగు అవుద్ది, పుల్లగా వగరుగా ఉంటుంది, ఉప్పు రాసుకుని తింటాం అని చెప్తే తన నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత పాత రిజర్వా, అంటే ఎక్కువ కాలం నిల్వపెట్టిన వైన్, గ్లాసులో ఎండుద్రాక్ష, పాత చింతపండు డబ్బా మూత తీసినప్పటి వాసన, తాతగారి పొగాకు సంచి అన్నా, పొగాకు అన్నప్పుడు తను గట్టిగా తలూపింది, వాళ్ళూ అదే అంటారంట.

ఇప్పుడు ఒక గుక్క. వెంటనే మింగకుండా నోరంతా తిప్పి, పెదాలు కొంచెం తెరిచి సర్రుమని గాలి పీల్చండి, సాసర్లో టీ జుర్రే పద్ధతే. రెండు విషయాలు గమనించండి చాలు. ఒకటి పులుపు: నాలుక పక్కల నుంచి నీళ్ళు ఊరుతున్నాయా? రెండు వగరు: చిగుళ్ళు, బుగ్గల లోపల గరుగ్గా పట్టేస్తోందా, పచ్చి అరటికాయ కొరికినట్టు, వక్క నమిలినట్టు? ఇంగ్లీష్ వాళ్ళు టానిన్ అని గంటసేపు వివరించుకునేది ఈ వగరే. మనకి షడ్రుచుల్లో ఆరోది, ఉగాది రోజు మామిడి పిందెతో నోట్లో పెట్టి మరీ నేర్పించారు. కియాంటి అంటేనే పులుపూ వగరూ రెండూ గట్టిగా ఉండే వైన్, తీపి అస్సలు ఉండదు, మొదటి గుక్కకి మొహం చిట్లించుకుంటే అది మీ తప్పు కాదు.

ఆ చిట్లింపు పోయే కిటుకు పళ్ళెంలోనే ఉంది. ఒక పెకొరీనో ముక్క నమిలి, ఆ తర్వాత అదే వైన్ ఇంకో గుక్క తీసుకోండి. వగరు సగానికి సగం తగ్గుతుంది, చీజ్‌లో ప్రొటీనూ కొవ్వూ ఆ టానిన్‌ని పట్టేసుకుంటాయి, ఉప్పు కూడా సాయం చేస్తుంది. ఉసిరికాయకి, నేరేడుకి మనం ఉప్పు అద్దుకునేదీ ఇందుకే. బ్రెడ్ మాత్రం చప్పగా ఉంటుంది, ఉప్పు మర్చిపోయారనుకోకండి, ఈ తోస్కానా (టస్కనీ) ప్రాంతపు బ్రెడ్‌లో ఉప్పు వెయ్యరు, చీజూ మాంసమూ ఉప్పగా ఉంటాయి కాబట్టి సరిపోతుంది.

సాధారణంగా తేలికదాంతో మొదలెట్టి బరువైనదానికి వెళ్తారు. లేబుల్ మీద ఉత్త కియాంటి క్లాసికో అని ఉంటే కనీసం 12 నెలలు ఆగినది, రిజర్వా 24 నెలలు, గ్రాన్ సెలెట్సియోనే 30 నెలలు. ఎక్కువ నెలలంటే ఎక్కువ రుచి అని ఏం లేదు, నాకు చాలాసార్లు మొదటిదే నచ్చింది, తాజాగా పుల్లపుల్లగా, జేబుకి కూడా హాయి. ఏది బావుంది అని అడిగితే నిజమే చెప్పండి.

ఆలివ్ నూనె ఇస్తే చిన్న గ్లాసుని రెండు అరచేతుల మధ్య వెచ్చబెట్టి సర్రుమని జుర్రండి. గొంతు వెనకాల కారం గుచ్చి దగ్గొస్తే మంచి నూనె అని. కొత్త నూనె నవంబర్‌లో తాగితే, గానుగ దగ్గర తాజా నువ్వుల నూనె తాగినవాళ్ళకి తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆఖర్న విన్ సాంతో అని తేనెరంగులో చిన్న గ్లాసు వస్తుంది. ద్రాక్షని నెలల తరబడి ఆరబెట్టి ఎండుద్రాక్షలా అయ్యాక పిండి, చిన్న పీపాల్లో ఏళ్ళ తరబడి అటక మీద పెడతారు, ఎండకి చలికి అలాగే వదిలేసి. పక్కన బాదం వేసిన గట్టి బిస్కెట్లు, కంతూచి. ముంచుకు తినడమే. పార్లే-జి టీలో ముంచి ఆరితేరిన జాతి మనది, కాకపోతే ఇది అంత తొందరగా విరిగి పడదు, ఐదు సెకన్లు ఉంచొచ్చు.

కొనడం, తేవడం

కొనమని ఎవరూ బలవంతం చెయ్యరు, కానీ చిన్న ఎస్టేట్ అయితే ఒక సీసా కొనడం మర్యాద. "మీ ఇంట్లో రోజూ ఏది తాగుతారు" అని అడిగి అదే తీసుకోండి. మెడ మీద నంబరు వేసిన ప్రభుత్వ కాగితపు పట్టీ, నల్లపుంజు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకే షాపులో 70 యూరోలు దాటితే, వాళ్ళు టాక్స్ ఫ్రీ ఫారం ఇచ్చేవాళ్ళైతే, ఎయిర్‌పోర్ట్‌లో వ్యాట్ వెనక్కి అడగొచ్చు. ఇండియాకి మనిషికి 2 లీటర్లు డ్యూటీ లేకుండా, అంటే 750 ఎం.ఎల్. సీసాలు రెండు, మూడోదానికి కట్టాలి. భార్యాభర్తలిద్దరైతే నాలుగు సీసాలు. అమెరికా వెళ్ళేవాళ్ళకి 21 దాటితే 1 లీటరు. చెక్-ఇన్ సూట్‌కేస్‌లోనే పెట్టాలి, ఒక్కో సీసాకి ఒక సాక్స్, దాని మీద ప్లాస్టిక్ కవర్, దాని మీద జీన్స్, సూట్‌కేస్ మధ్యలో. కవర్ ఎందుకో పగిలినప్పుడు తెలుస్తుంది.

ఇంటికొచ్చాక వంటింటి అటక మీద పెట్టి మర్చిపోకండి, మన మే నెల ఎండకి అది ఉడికిపోతుంది. ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టి, తాగేముందు ఓ గంటో గంటన్నరో బయట పెడితే 16, 18 డిగ్రీలకి వస్తుంది. వాళ్ళు రూం టెంపరేచర్ అంటే అది వాళ్ళ రూం. నంజుకోడానికి గుంటూరు కారం వేసిన వేపుడు పెట్టారంటే వగరూ కారమూ కలిసి నోరు మండిపోతుంది, మిరియాలతో చేసిన మటనో, పనీర్ టిక్కానో, ఏదీ లేకపోతే ఉప్పు వేసి వేయించిన జీడిపప్పో పెట్టుకోండి. మిగిలితే బిరడా బిగించి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అవగొట్టండి.